చేను నీదే ఉండాలి, కాపలాకు కూలి రావాలి

చి. సౌ. అమ్మణ్ణికి,

పుత్తూరు నుంచి మామ ఆశీస్సులు. ఆ కార్బన్ కంపెనీవాళ్లు ఇచ్చిందని నువ్వు వాట్సాప్‌లో పంపిన పద్దెనిమిది పేజీల అగ్రిమెంటు మూడుసార్లు చదివాను. "మామా, మన కొండకింద చేన్లో చెట్లు నాటితే ముప్పై ఏళ్లు డబ్బులిస్తారంట, భూమి మనదే ఉంటుందంట, సంతకం పెట్టేదా?" అని అడిగావు. పెట్టనే పెట్టొద్దని నేను చెప్పను. ఇలాంటి డబ్బు రైతుకు రావాలని ఎన్నో ఏళ్లుగా కోరుకుంటున్నవాణ్ణి. కానీ ఈ కాగితం మీద, వాళ్లు చెప్పిన ఈ శుక్రవారం లోపల మాత్రం పెట్టొద్దు.

ముందు ఒకటి తెలుసుకో. వాళ్లు నీకు దానం చేయడం లేదు. మీ నాయన ఆ నాలుగెకరాల వాలులో రాతికట్టలు వేశాడు. వంక పొడుగునా కానుగ, వేప చెట్లను కొట్టకుండా కాపాడాడు. ఆ వంక నీళ్లు మీ ఊరి చెరువులోకి చేరతాయి, చెరువు నిండి మొరవ పోతే స్వర్ణముఖిలో కలుస్తాయి. చెరువు కింద బోర్లన్నీ ఆ ఊట మీదే బతుకుతున్నాయి. దానివల్ల మేలు ఊరందరికీ జరిగింది, ఖర్చు మాత్రం బావ ఒక్కడి మీదే పడింది. వంక పక్కన అరెకరం దున్నకుండా వదిలాడు గనుక ఏటా అంత చెనక్కాయ తగ్గింది. ఆ చెట్ల నీడలో చేరిన అడవి పందులు తిన్నది వేరే. బతికున్నన్నాళ్లూ ఆయనకు దానికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు. అందుకే నువ్వు మొహమాటపడకుండా బేరం ఆడాలి.

మన సీమకు ఇది కొత్త కాదు కూడా. చెరువు తవ్వించినవాళ్లకు, దాన్ని బాగుచేస్తూ వచ్చేవాళ్లకు పూర్వం దశబంధం ఇనాం అని భూమి ఇచ్చేవారు. పేరులోనే పదో వంతు ఉంది. చిత్తూరు, కడప పాత రికార్డుల్లో ఆ మాట నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నోసార్లు చూశాను. కట్ట తెగితే పూడ్చాలి, పూడిక తీయాలి, ఆ పని చేస్తూ భూమిని అనుభవించాలి. మడులకు నీళ్లు పారించే నీరుగంటికీ మాన్యం ఉండేది. తిరుమల గుడి గోడల మీద విజయనగర కాలపు శాసనాల్లోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. భక్తులు ఇచ్చిన సొమ్ముతో స్వామివారి ఊళ్లలో చెరువులు, కాలవలు తవ్వించి, దానివల్ల పెరిగిన పంటతో వాళ్ల పేరు మీద నైవేద్యం పెట్టేవారు. నీళ్లకు, చేసే పనికి, వచ్చే ఫలానికి మధ్య ముడి తెగకుండా చూసుకున్నారు. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చి ఆ భూములు రైత్వారీ పట్టాలుగా, అంటే మామూలు సొంత భూములుగా మారాయి. చట్టం ఉద్దేశం మంచిదే. కానీ భూమికి అంటుకుని ఉన్న పని దాంతోపాటే ఊడిపోయింది, కట్టను చూసే మనిషి లేకుండా పోయాడు. మన చెరువులు ఇట్లా కావడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

బయట దేశాల్లో దీన్ని పద్ధతిగానే చేస్తున్నారు. అమెరికాలో 1985 నుంచి ఒక పథకం ఉంది. కోతకు గురయ్యే చేలల్లో పంట ఆపి గడ్డో చెట్లో పెంచే రైతుకు ప్రభుత్వం ఏటా బాడుగ ఇస్తుంది. ఒప్పందం పది నుంచి పదిహేనేళ్లు. గడువు అయ్యాక రైతు ఇష్టమైతే మళ్లీ దున్నుకుంటాడు. హిమాచల్‌లోని పాలంపూర్ పట్టణం 2010లో తన తాగునీటి ఊటను కాపాడే బోహల్ గ్రామస్థులకు ఏడాదికి 10,000 రూపాయలిచ్చేలా ఒప్పుకుంది. మొత్తం చిన్నదే. కానీ కింద తాగేవాళ్లు పైన కాపాడేవాళ్లకు బాకీ ఉన్నారని ఒక మున్సిపాలిటీ కాగితం మీద ఒప్పుకోవడం నాకు చాలా పెద్ద విషయం. తిరుపతి లాంటి ఊరు కొండకింద రైతులతో అట్లా ఒక్క ఒప్పందం చేసుకుంటే చూడాలని ఉంది.

ఇప్పుడు హక్కు సంగతి. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయి, రాజ్యాంగంలో 300ఎ అధికరణంగా మిగిలింది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోకూడదు అని దానర్థం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం నీ చేను తీసుకుంటే లెక్కగట్టిన పరిహారం మీద అంతే మొత్తం సొలేషియం, అంటే ఊరట సొమ్ము, కలిపి ఇవ్వాలి. బాగుంది. కానీ చేను నీ చేతిలోనే ఉంచి "ఇక్కడ ఇది చేయకు, అది కొట్టకు" అని ఆంక్ష పెడితే ఆ చట్టం నీకేమీ ఇవ్వదు. తీసుకుంటే డబ్బు, ఆపితే ఏమీ లేదు. కాబట్టి ఆపినందుకు డబ్బు కావాలంటే నీ సంతకం ఉన్న ఒప్పందంలోనే రాయించుకోవాలి. నోటిమాట పనికిరాదు.

నోటిమాట ఎట్లా ముంచుతుందో మా ఇంట్లోనే చూశాను. ఒక ఏడాది వరదకు వంక తెగి పక్క కయ్యలు కోసుకుపోతుంటే, మా నాయన మా మడిలో పదిహేను సెంట్లు వదిలి వంకను వెడల్పు చేయనిచ్చాడు. ఊరి పెద్దలు చేతులెత్తి దండం పెట్టారు. కాగితం ఎవరూ రాయలేదు. కొన్నేళ్లకు రికార్డులో అది వంక పోరంబోకుగా, అంటే ప్రభుత్వ భూమిగా ఎక్కింది. తర్వాత రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మిగతా భూమికి డబ్బులొచ్చాయి గానీ ఆ పదిహేను సెంట్లకు పైసా రాలేదు. "పోరంబోకుకు పరిహారం ఏంటి పెద్దాయనా" అన్నారు ఆఫీసులో. నేను సర్వే డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాను, ఇంకో జిల్లాలో వేరేవాళ్ల పొలాల్లో చైను లాగుతున్నాను. మా ఇంటి అడంగల్, అంటే ఊరి సాగు రికార్డు, ఒక్కసారి తీసి చూడలేదు. మా నాయన ఆ బాధతోనే పోయాడు. డబ్బు గురించి కాదు, మంచి చేస్తే భూమి పోతుందా అని.

అందుకని మొదటి పని కాగితాలు. 1బీ (ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో చెప్పేది), అడంగల్, పాస్ పుస్తకం, ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపేది) తీసి, రీసర్వే తర్వాత వచ్చిన విస్తీర్ణం పాత పట్టాతో సరిపోతుందో లేదో చూడు. వంక గీత ఎక్కడ పడిందో మ్యాపులో ప్రత్యేకంగా చూడు. బావ పేరు మీదే ఇంకా ఉంటే మ్యుటేషన్ చేయించు, అంటే రికార్డులో పేర్లు మార్పించు. తమ్ముడికీ వాటా ఉంది, నీకూ ఉంది. ఆడపిల్లలకు సమాన వాటా దేశమంతటికీ 2005లో వచ్చినా, మన ఆంధ్రలో 1985 నుంచే ఉంది, అందుకని ఎవరైనా "అల్లుడింటికి పోయిన పిల్ల సంతకం ఎందుకు" అంటే వినొద్దు. మీ అమ్మ, నువ్వు, తమ్ముడు ముగ్గురూ కలిసి పెట్టాల్సిన సంతకం ఇది.

పైన కొండంచున తాతకు వచ్చిన ఎకరంన్నర డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. దాన్ని కూడా అగ్రిమెంటులో కలిపేశారు, అది నాకు భయం వేసింది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా వస్తుంది. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే భూమి వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది. 2023లో ఇరవై ఏళ్లు దాటినవాటికి సడలింపు తెచ్చారు గానీ, మన సర్వే నంబరు 22ఎ జాబితాలోంచి (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) తీశారని రాతపూర్వకంగా తెలిసేదాకా ఆ ఎకరంన్నర ఊసే ఎత్తకు.

ఇక ఆ అగ్రిమెంటులోనివి. వాళ్లు ఒక పేజీలో లీజు అన్నారు, ఇంకో పేజీలో ఈజ్‌మెంట్ (ఇంకొకరి భూమి మీద ఉండే పరిమిత హక్కు) అన్నారు. అమెరికాలో కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అని ఉంది, రైతు తన చేన్లో కట్టడాలు కట్టే హక్కును ఎప్పటికీ వదులుకుని డబ్బు తీసుకుంటాడు, కొన్నవాళ్లకూ పిల్లలకూ అదే కట్టుబాటు. మన 1882 ఈజ్‌మెంట్ చట్టం వేరు. పక్క చేనుకు దారి, నీళ్లు లాంటి మేలు ఉంటేనే ఆ హక్కు పుడుతుంది. నీ చేను పక్కన సెంటు భూమి లేని కంపెనీకి ఇక్కడ ఈజ్‌మెంట్ ఏమిటి? ఆ మాట కొట్టేయించు. లీజు అయితే, ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి, అయితే ఈసీలో కనపడుతుంది, రేపు బ్యాంకు లోనుకు పోతే మేనేజరు అడుగుతాడు. అదంతా తెలిసి చేయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తొమ్మిదో పేజీలో ఉంది, నువ్వు గమనించి ఉండవు. "ఈ భూమి నుంచి ఇప్పుడు గానీ మున్ముందు గానీ కలిగే పర్యావరణ ప్రయోజనాలన్నీ కంపెనీవే" అని దాని భావం. వాళ్లు నీతో మాట్లాడింది కార్బన్ గురించే. చెట్లు గాలిలోంచి పీల్చుకునే ఒక టన్ను కార్బన్ డయాక్సైడుకు ఒక క్రెడిట్ లెక్క, దాన్ని కంపెనీ అమ్ముకుంటుంది. సరే, ఆ క్రెడిట్లలో వాటా మాట్లాడుకుందాం. కానీ రేపు నీళ్ల కోసమో జీవవైవిధ్యం కోసమో వేరేవాళ్లు డబ్బు ఇస్తే? 2002 జీవవైవిధ్య చట్టం కింద మన ఎర్రచందనం రైతులకు అట్లాగే వచ్చింది. 2025లో తిరుపతి, చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల 198 మంది సాగుదారులకు మూడు కోట్ల రూపాయల వరకు ప్రయోజన వాటా విడుదలైంది. అలాంటిది నీకు వస్తే ఆ ఒక్క వాక్యం చూపించి కంపెనీ పట్టుకుపోతుంది. కార్బన్ అని మాత్రమే రాయించు. మిగతావన్నీ భూమి యజమానివి అని ఇంకో వాక్యం చేర్పించు.

రేటు చూడు. ఎకరాకు ఏడాదికి మూడు వేలు, ముప్పై ఏళ్లూ అదే. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపు అవుతాయి. ఇరవైనాలుగో ఏడు నీ మూడు వేలకు ఇప్పటి ఏడొందల యాభై రూపాయల సరుకే వస్తుంది. ఏటా పెంపు లేని ఒప్పందం ఒప్పందమే కాదు. నాటడానికి, మొదటి మూడేళ్లు నీళ్లు పోయడానికి కూలి వేరే అడుగు. చెట్టు జాతి వాళ్లిష్టం అని ఉంది, అదీ మార్పించు. నీలగిరి వేస్తే బావ కాపాడిన ఊట ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. కానుగ, నేరేడు, చింత, వేప అని పేర్లతో రాయించు. చెట్టు మీద కాయ, ఆకు, చివర్లో కలప నీవే. కరువొచ్చి మొక్కలు చస్తే తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలన్న మాట ఉండకూడదు. గొడవ వస్తే ఢిల్లీలో తేల్చుకోవాలని రాశారు, తిరుపతి కోర్టు అని మార్చమను.

నా సలహా ఏమిటంటే నాలుగెకరాలూ ఇవ్వొద్దు. వంకకు ఆనుకుని ఎకరం, కింది గెనిమ (గట్టు) వెంబడి కొంచెం, అంతే. పదేళ్లు. మిగతా రెండున్నర మూడెకరాల్లో చెనక్కాయో ఉలవలో పెట్టుకో. తిండి గింజలు పండే నేలను మొత్తం ఒకే సంతకంతో ముప్పై ఏళ్లు కట్టేస్తే, ఇప్పుడు నీకు ఇరవైతొమ్మిది ఏళ్లు, నీ బిడ్డ కాలేజీ, పెళ్లి అన్నీ ఆ కాగితం లోపలే జరిగిపోతాయి. దీనికి వాళ్లు ఒప్పుకోకపోతే పోనీ. చెట్లు పెరుగుతూనే ఉంటాయి, ఇంకొకరు వస్తారు. టెన్షన్ పడకు.

వచ్చే ఆదివారం నేను పొద్దున బస్సుకు వస్తాను. తమ్ముణ్ణి కూడా ఉండమను. ఈలోపల ఈసీ తీసి పెట్టు. చేన్లో తూర్పు గెనిమ మీద మూడు సర్వే రాళ్లు ఉండాలి, వాటిలో వంక దగ్గరది పోయిన వానాకాలం మట్టిలో కూరుకుపోయిందని బావ అన్నట్టు గుర్తు. రేపే ఒకసారి పోయి పారతో తవ్వి చూసి నాకు ఫోన్ చేయి. కనపడకపోతే ఆదివారానికి ముందే సర్వేకు అర్జీ పెట్టాలి.

ఆశీస్సులతో,
మీ మామ