లండన్‌లో ప్రింట్‌మేకింగ్ చదవబోతుంటే: ప్రొఫెసర్‌ని కాదు, ముందు టెక్నీషియన్‌ని పట్టుకోండి

ప్రశ్న: "మా అబ్బాయి చెన్నైలో బి.ఎఫ్.ఏ. ముగించాడు. ఈ సెప్టెంబరులో ప్రింట్‌మేకింగ్ ఎం.ఎ. కోసం లండన్ వెళ్తున్నాడు. మొదటి రోజుల్లో ఎలాంటి ఇబ్బందులుంటాయి? ఏమేం సర్ది పంపాలి?"

నేను పెరంబూరులో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. బి.ఎఫ్.ఏ. చెన్నైలోనే చేశాను. ఆ తర్వాత లండన్ వెళ్లి మీ అబ్బాయి చదవబోయేదే చదివాను. ఇప్పుడు మళ్లీ చెన్నైలోనే ఉంటూ ఎచింగ్‌లు (లోహపు ప్లేటు మీద గీసిన గీతల్ని ఆసిడ్‌తో తినిపించి, వాటిలో ఇంకు నింపి, పైన మిగిలింది తుడిచి, ప్రెస్‌లో కాగితం మీద ఒత్తి తీసే బొమ్మలు) చేసుకుంటున్నాను. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

చలి, తిండి, ఇంగ్లిష్ గురించి మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. ఆ మూడింటి గురించీ దిగులు పెట్టుకోకండి. మంచి కోటు అక్కడే దొరుకుతుంది. ఈస్ట్ హామ్ వెళ్తే కరివేపాకు, మునక్కాయలు, దోసెలు అన్నీ ఉంటాయి. ఇక ఇంగ్లిష్ అంటారా, నాలుగేళ్లు చెన్నైలో తమిళం, తెలుగు, ఇంగ్లిష్ కలిపి నెట్టుకొచ్చిన పిల్లాడికి అదొక లెక్క కాదు. అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందో ఎవరూ చెప్పరు. అది వర్క్‌షాప్‌లో వస్తుంది. ఇన్నేళ్లూ చెయ్యి నేర్చుకున్న పని అక్కడికి వెళ్లేసరికి కుదరదు. ఇంకు మాట వినదు, ఆసిడ్ అర్థం కాదు. అది తన తెలివితక్కువతనం అనుకుని పిల్లలు లోలోపల కుంగిపోతారు. తెలివికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మారింది వాతావరణం, రసాయనం, అంతే.

నాకు జరిగిందే చెప్తాను. అక్కడ కొత్త విద్యార్థిని నేరుగా ప్రెస్ ముట్టుకోనివ్వరు. ముందు ఇండక్షన్ అని పెడతారు. ఏ మెషీన్ ఎలా వాడాలో, ఏది ముట్టుకోకూడదో వర్క్‌షాప్ చూసుకునే టెక్నీషియన్ చూపించాకే లోపలికి రానిస్తారు. మా ఇండక్షన్ చేసినాయన తెల్లజుట్టు మనిషి, నల్ల ఏప్రన్ కట్టుకున్నాడు, మాట చాలా తక్కువ. ఆసిడ్ గది చూపించాడు. చెన్నైలో మేము జింక్ ప్లేటుని ట్రేలో పోసిన నైట్రిక్ ఆసిడ్‌లో వేసేవాళ్లం. గీత తెగుతున్నంతసేపూ దాని వెంట బుడగలు లేస్తాయి. వాటిని కోడి ఈకతో అలా అలా తోసేస్తూ ఉండాలి, లేకపోతే బుడగ కింద ఆసిడ్ సరిగ్గా తినదు. ప్లేటు కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ఎంత తెగిందో బుడగల్ని చూసి చెప్పేయగలిగేవాళ్లం. మే నెల ఎండలో అయితే ఆసిడ్ ఇంకా ఉరకలేస్తుంది, అదీ మాకు అలవాటే.

అక్కడ ట్రే లేదు, ఈక లేదు. నిలువు తొట్టి, అందులో ముదురు గోధుమరంగు ఫెర్రిక్ క్లోరైడ్. ప్లేటు రాగిది. దాన్ని హుక్కుకి తగిలించి అందులోకి దించితే ఇక కనపడదు. బుడగలు రావు, వాసన కూడా పెద్దగా ఉండదు. గోడ మీది గడియారం చూసుకుంటూ నిలబడటమే. నాలుగేళ్లు కళ్లతో చూసి నేర్చుకున్న పని, కళ్లు మూసుకుని చేయమన్నట్టనిపించింది.

అంతటితో అయిపోలేదు. ఇంకు డబ్బాలో నైఫ్ పెట్టి తీయబోతే డబ్బానే నైఫ్‌తోపాటు లేచి వచ్చింది. చెన్నైలో అలాంటి ఇంకే గాజు పలక మీద వేస్తే తనంతట తానే పరుచుకునేది. అక్కడి చలికి అది బిగుసుకుపోయి ఉంది. ప్లేటులోకి ఎక్కదు, ఎక్కితే తుడుపుకి రాదు. బరోడాలో చదివి వచ్చి నా కోర్సులోనే చేరిన అమ్మాయి ఇంకో చిక్కులో పడింది. సగం చేసిన జింక్ ప్లేట్లు సూట్‌కేస్ నిండా మోసుకొచ్చింది పాపం. రాగి ప్లేట్ల తొట్టిలో జింకు వేస్తే ద్రావణం పాడైపోతుంది, వీల్లేదన్నారు. దానికి వేరే తొట్టి ఉంది, దానికి వేరే ఇండక్షన్, ఆ తేదీ ఇంకా రాలేదు. ఆ సాయంత్రం మా ఇద్దరి మొహాలూ చూడాల్సింది.

మర్నాడు నేను ఒక రాగి ప్లేటు తీసుకుని అంచులకి ఆకురాయి పట్టడం మొదలుపెట్టాను. ప్లేటు అంచులు వాలుగా అరగదీయాలి. లేకపోతే ప్రెస్‌లో ఒత్తిడికి తడి కాగితం చిరుగుతుంది, పైన వేసే ఫెల్ట్ దుప్పటి కూడా తెగుతుంది. ఆ ఫెల్ట్‌లు చాలా ఖరీదు. మా నాన్న పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఆకురాయి ఎలా పట్టుకోవాలో, ముందుకి తోసేటప్పుడే బరువు వేసి వెనక్కి లాగేటప్పుడు ఎలా వదిలేయాలో నేను స్కూల్లో ఉన్నప్పుడే నేర్పించారు. మా టెక్నీషియన్ అటుగా వెళ్తూ ఆగి, నా ప్లేటు తీసుకుని అంచంతా బొటనవేలితో తడిమాడు. నాలుగు వైపులా, మూలలతో సహా. "ఎవరు నేర్పారు?" అన్నాడు. చెప్పాను. ఫ్యాక్టరీ గురించి ఇంకో రెండు ప్రశ్నలడిగి, రేపు తొమ్మిదింటికే రా, ఎవరూ ఉండరు అన్నాడు.

ఆ తొమ్మిది గంటల పాఠమే నాకు అసలు ఎం.ఎ. ఆ చలిలో ఇంకు ఎలా వాడాలో చూపించాడు. ప్లేటుని హాట్‌ప్లేట్ మీద పెట్టి, చెయ్యి ఆనించగలిగేంత గోరువెచ్చగా చేయాలి. ఇంకులో నూనె రెండు చుక్కలు, అంతకుమించి వద్దు. తర్వాత రెండు రంగుల ఇంకులు తీసుకుని, ఒకదాంట్లో నూనె ఎక్కువ కలిపి, రెండోదాన్ని చిక్కగా ఉంచి, ఒకే ప్లేటు మీద రెండు రోలర్లతో పట్టించాడు. నూనె ఎక్కువున్న పల్చటి ఇంకుని గట్టి రోలర్‌తో వేస్తే ప్లేటు పైభాగానికే అంటుకుంది. చిక్కటిదాన్ని మెత్తటి రోలర్‌తో వేస్తే లోతుల్లోకి దిగింది. పల్చటి ఇంకు ఉన్నచోట చిక్కటిది అంటుకోనే అంటుకోలేదు. ఒకే ప్లేటు, ప్రెస్ కింద ఒకేసారి, రంగులు మాత్రం వేర్వేరు.

ఇది విస్కాసిటీ ప్రింటింగ్, అంటే ఇంకు చిక్కదనంలో తేడాతో రంగులు విడదీయడం. పుస్తకంలో చదివాను కానీ అంత దగ్గరగా చూడటం అదే మొదలు. దీన్ని రూపుదిద్దినవాళ్లలో ముందు వరసలో ఉన్నది మన కృష్ణారెడ్డి గారు. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివి, మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ విభాగాన్ని నడిపి, ఆ తర్వాతే లండన్‌లో స్లేడ్ ఆర్ట్ స్కూల్‌కి వెళ్లారు. అక్కణ్నుంచి పారిస్‌లో ఇంగ్లిష్ ప్రింట్‌మేకర్ హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోకి. ఈ పద్ధతి అక్కడే, ఆ ప్రెస్‌ల దగ్గరే పుట్టింది. ఆయన పేరు ఆ టెక్నీషియన్‌కి తెలుసు. మద్రాసులో పనిచేశారని మాత్రం నేను చెప్పేదాకా తెలీదు. మన ఊళ్లో ఎంతమందికి తెలుసు? చెన్నైలో ఉన్న తెలుగువాళ్లని అడిగి చూడండి, సినిమా రెడ్లు పదిమంది పేర్లు చెప్తారు గానీ ఈయన పేరు ఒక్కరూ చెప్పరు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. మొదటి రోజుల్లో మీ అబ్బాయి దృష్టి ప్రొఫెసర్ మీద పెట్టనక్కర్లేదు. ప్రొఫెసర్ అప్పుడప్పుడూ కనిపిస్తారు, ట్యుటోరియల్‌కి టైమ్ తీసుకోవాలి, మాట్లాడి వెళ్లిపోతారు. రోజూ ఉండేది టెక్నీషియనే. ఏ కాగితం ఎంతసేపు నానాలి, ఏ ప్రెస్ ఏ పక్కకి లాగుతుంది, పాత విద్యార్థులు వదిలేసిన రాగి ముక్కలు ఏ అరలో ఉన్నాయి, అన్నీ ఆయనకే తెలుసు. పొద్దున్నే వెళ్లమనండి. పని అయ్యాక గాజు పలక అద్దంలా తుడిచి రమ్మనండి. అక్కడ కిరోసిన్ వాడరు, ఇంకుని వంటనూనెతో తుడిచి తర్వాత సబ్బునీళ్లతో కడుగుతారు. బెంచి శుభ్రంగా ఉంచే విద్యార్థికి ఆ మనుషులు ఏదైనా నేర్పుతారు. మన దేశంలో చాలా చోట్ల అసలు టెక్నీషియన్ పోస్టే ఉండదు. ప్రెస్ తుప్పు పడితే ఎవరి పనీ కాదు. చేతిపని తెలిసిన మనిషిని అటెండర్ జీతంతో కూర్చోబెడతారు. దానివల్ల మన పిల్లలకి టెక్నీషియన్ అంటే గురువు అనే ఊహే రాదు.

కన్సల్టెన్సీల సంగతి ఎత్తకుండా ఉండలేను. కాలేజీ ర్యాంకు ఎంత, ఫీజు ఎంత, వీసా ఎప్పుడు, ఇంతే వాళ్ల ప్రపంచం. ఎన్ని ప్రెస్‌లున్నాయి, వర్క్‌షాప్ రోజుకి ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, టెక్నీషియన్లు ఎందరు అని ఒక్కరైనా అడిగిస్తారా? ఏడాది కోర్సులో వర్క్‌షాప్ వారానికి మూడు రోజులే తెరిస్తే చేతికొచ్చేదేముంది? సీటు ఇంకా ఖాయం చేసుకోనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈమెయిల్ పెట్టి ముందు ఇవి అడగండి.

క్రిట్ గురించి కూడా పిల్లలు టెన్షన్ పడతారు. చేసిన పని గోడకి పెడితే తోటివాళ్లు, ట్యూటరూ చుట్టూ కూర్చుని ప్రశ్నలడుగుతారు. నేను చెన్నై కాసిమేడు చేపల రేవులోని పడవల ఎచింగ్‌లు పెట్టినప్పుడు, "ఫోటో తీస్తే సరిపోదా, ప్లేటు మీద ఎందుకు?" అని అడిగారు. పడవ అడుగుని ఉప్పునీళ్లు తింటాయి, ప్లేటుని ఆసిడ్ తింటుంది, అందుకే ఈ బొమ్మ ఇలాగే రావాలి అన్నాను. ఆ జవాబు నాకు థియరీ పుస్తకాల్లో దొరకలేదు. తొట్టి దగ్గర నిలబడి నిలబడి దొరికింది. మెటీరియల్‌తో పని చేసినవాళ్లకి మాట దానంతట అదే వస్తుంది. మన పిల్లలకి మాట్లాడటం రాదనే వాళ్లతో నేను ఎప్పటికీ ఒప్పుకోను.

మొదటి ఆదివారం మాత్రం బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లమనండి. టికెట్ ఉండదు. 33ఎ గదిలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవి, 1859లో లండన్‌కి ఓడెక్కించారు. మిగిలినవాటిలో చాలా భాగం మన ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. వెళ్లే ముందు మీ అబ్బాయి ఎగ్మోరులో ఒక పూట కూర్చుని ఆ పలకలు స్కెచ్ వేసుకుంటే, అక్కడ మిగతావి చూసినప్పుడు ఉలి ఎంత లోతుకి దిగిందో, ఎక్కడ ఆగిందో పోల్చుకోవచ్చు. లండన్ వెళ్లిన మనవాళ్లు టవర్ బ్రిడ్జి దగ్గర ఫోటోలు దిగుతారు గానీ ఈ గది గుమ్మం తొక్కరు. అదే మ్యూజియంలో ప్రింట్లు, డ్రాయింగుల స్టడీ రూమ్ ఉంది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే రెంబ్రాంట్ ఎచింగ్‌లు తెచ్చి బల్ల మీద ముందు పెడతారు. పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే.

ఇక సర్దడం. జింక్ ప్లేట్లు వద్దు. టర్పెంటైన్, వార్నిష్ లాంటివి విమానంలో అసలే ఒప్పుకోరు. తన చేతికి అలవాటైన స్క్రేపర్ (ప్లేటు గీకేది), బర్నిషర్ (నున్నగా రుద్దేది), నీడిల్స్ (గీతలు గీసే సూదులు), ఒక మంచి ఆకురాయి చాలు. అవి చేతి బ్యాగులో పెట్టొద్దు, చెక్-ఇన్ లగేజీలో గుడ్డ చుట్టి పెట్టండి. స్కెచ్ పుస్తకాలు మాత్రం అన్నీ పంపండి, బరువైనా సరే.

సెప్టెంబరుకి ఇంకా టైమ్ ఉంది కాబట్టి, గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రానికి వెళ్లి గ్రాఫిక్స్ స్టూడియోలో ఎవరైనా రాగి ప్లేట్ల మీద పనిచేస్తున్నారేమో కనుక్కోమనండి. ఫెర్రిక్ క్లోరైడ్ కోసం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో అడగండి, సర్క్యూట్ బోర్డులు చేసుకునేవాళ్లు వాడేది అదే. ఒక చిన్న రాగి ముక్క మీద పది గీతలు గీసి, ఒక్కో గీతకి ఒక్కో టైమ్ ఇచ్చి చూసుకుంటే సగం భయం ఇక్కడే పోతుంది. చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి. పొడిని నీళ్లలో కొద్దికొద్దిగా కలపాలి, బాగా వేడెక్కుతుంది. వాడేసింది మాత్రం సింకులో పోయొద్దని చెప్పండి, పైపులు తినేస్తుంది.