రూపా ముగ్గులో పురుగు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన గడి (క్రాస్‌వర్డ్) ఫొటో అందింది. కళ్ళజోడు పెట్టుకుని, బొమ్మని వేళ్ళతో సాగదీసుకుంటూ ఆధారాలన్నీ కాగితం మీద ఎక్కించుకునేసరికి కాఫీ చల్లారిపోయింది. మీ పెద్దమ్మ ఏమందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఐదు ఆధారాలు ఖాళీగా వదిలేశావు. దానికి నేనేమీ అనను. నాకు గుచ్చుకున్నది అడ్డం 14. అక్కడ ‘కారాగారం’ అని రాసి, పక్కన ‘అక్షరాలు సరిపోయాయి, ఎందుకో తెలీదు’ అన్నావు. జవాబు కరెక్టే. కానీ ఎందుకో తెలీకుండా రాసింది నా లెక్కలో జవాబు కాదమ్మా, లాటరీ. ఈసారి తగిలింది, వచ్చేవారం తగలదు. ఫోన్‌లో ఒక్కో అక్షరం విడగొట్టి చెప్తూ కూర్చుంటే ఇద్దరికీ విసుగొస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఆధారం మళ్ళీ చదువు. ‘కారంలోకి రాగా జైలు (4)’. చివరి అంకె జవాబులో అక్షరాల లెక్క. నువ్వు దీన్ని వాక్యంలా చదివావు. ఎవరో కూరలో కారం ఎక్కువేసి జైలుకెళ్ళినట్టు ఊహించుకుని ఉంటావు. కూర్పరికి, అంటే గడి తయారుచేసినవాడికి, కావలసింది సరిగ్గా అదే. ఇప్పుడు వాక్యాన్ని మర్చిపోయి అక్షరాలు చూడు. ‘కారం’ రెండు అక్షరాలు: కా, రం. వాటి మధ్యలోకి ‘రాగా’ని తోసెయ్యి. కా, రాగా, రం. కారాగారం. జైలు అని అర్థం చివర్లో ఉండనే ఉంది. ‘రాగా’ అంటే ‘వచ్చేసరికి’ అని నీ బుర్ర సర్దేసుకుంది కాబట్టి ఆ మాట కూడా ముడిసరుకేనని నీకు తట్టలేదు. ఇందులో వృథాగా పడున్న మాట ఒక్కటి లేదు చూశావా? మంచి ఆధారానికి అదే గుర్తు.

నా ఉద్యోగం నీకు తెలుసు కదా, రైల్వే టపా శాఖ ఆర్ఎమ్మెస్‌లో సార్టింగు. రాత్రిళ్ళు రైల్లో నిలబడి, ఎదురుగా ఉన్న గళ్ళలోకి ఉత్తరాలు విసరడం. బతుకంతా గళ్ళతోనే గడిచిందని మీ నాన్న ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. అయితే ఆ పని నాకు ఒక అలవాటు నేర్పింది. సార్టర్ అనేవాడు చిరునామా పైనుంచి చదవడు. గారు, బి.ఏ., ఫలానావారి అల్లుడు, రామాలయం ఎదురుగా, ఇవన్నీ వాడికి అనవసరం. కన్ను ముందు కింది వరస మీద పడుతుంది. 1972లో పిన్‌కోడ్ వచ్చాక ఆ ఆరంకెలే చూసేవాళ్ళం. అంతకుముందు ఊరు, తాలూకా, జిల్లా. రామాపురాలు మన దగ్గర బోలెడు, ఏ రామాపురమో కింది వరసే చెప్పాలి.

ఆధారమూ అంతే. దాని ‘పిన్‌కోడ్’, అంటే జవాబుకి సూటైన అర్థం, దాదాపు ఎప్పుడూ ఏదో ఒక కొసన ఉంటుంది. మొదట్లోనో, చివర్లోనో. నడిమధ్యలో ఉండదు. ముందు ఆ కొస పట్టుకో. మిగిలిందంతా అక్షరాలతో చేసే గారడీ.

ఇది పట్టుకోకపోవడం వల్లే నిలువు 3లో బోల్తాపడ్డావు. ‘తలకిందులైన తీగ (2)’. నువ్వు ‘తల’ అని రాశావు. ఎలా రాశావో కూడా చెప్పగలను. తీగ అంటే లత, లతని తలకిందులు చేస్తే తల, సరిపోయిందనుకున్నావు. సరే, తల అనే జవాబుకి అర్థం ఇచ్చే మాట ఆధారంలో ఎక్కడుంది? లేదు. తీగనీ వాడేశావు, తలకిందులనీ వాడేశావు, ఇంకేం మిగల్లేదు. ఇప్పుడు అటునుంచి రా. ‘తల’ కిందులైంది. రెండు మాటలుగా విడగొట్టు. త, ల అనే అక్షరాలు తిరగబడి ల, త అయ్యాయి. లత అంటే తీగ. అర్థం చివర్లో భద్రంగా ఉంది. ఆ ఒక్క తప్పు తల వల్లే అడ్డం 3 కూడా ఆగిపోయింది. ‘వంటింట్లో ఎండిన మొగ్గ (3)’కి నువ్వు ‘త’తో మొదలయ్యే మాట కోసం వెతుక్కుంటూ కూర్చున్నావు. మొదటి గడిలో ‘ల’ పడితే లవంగం నీకు క్షణంలో దొరికేది. రబ్బరు దగ్గర పెట్టుకో. పెన్నుతో నింపడం గొప్పేం కాదు.

తలకిందులు అన్నది నిలువు ఆధారానికే పొసుగుతుంది, అది కూడా గమనించు. అడ్డం అయితే ‘వెనక్కి’, ‘అటునుంచి’, ‘ఎదురు నడిచి’ అంటారు. తిరగెయ్యడం మన భాషకి పుట్టుకతో వచ్చిన ఆట. బోయవాడు ‘మరా మరా’ అంటూ రామ నామంలోకి వచ్చాడని చిన్నప్పుడు నీకు కథ చెప్పాను, గుర్తుందా? మ, రా. తిప్పితే రా, మ. ఒక్క దీర్ఘం కూడా అటూ ఇటూ కాలేదు. కలపని తిప్పితే పలక. నువ్వు వదిలేసిన నిలువు 22 కూడా ఈ జాతిదే. ‘మంచం తిరగేస్తే సీమ ఊరు (3)’. మంచాన్నే తిరగేస్తే ఏమీ రాదు, మంచానికి ఇంకో మాట కావాలి. పడక. ఇప్పుడు తిప్పు.

దీర్ఘం అన్నాను కాబట్టి నా పరువు తక్కువ కథ ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక గడి కూర్చి ఓ వారపత్రికకి పంపాను. అందులో ‘సరదా తారుమారైతే పండగ (3)’ అని ఒకటి పెట్టి, దసరా అని జవాబు ఇచ్చుకున్నాను. పదిహేను రోజులకి గడి తిరుగుటపాలో వచ్చింది. ఆ ఆధారం కింద ఎర్రసిరాతో గీత, పక్కన ‘దీర్ఘం ఎవరిది?’ అని ఒకే ఒక్క ముక్క. సరదాలో ఉన్నవి స, ర, దా. దసరాకి కావలసినవి ద, స, రా. దకారం నుంచి దీర్ఘం ఊడబెరికి రకారానికి తగిలించే హక్కు నాకెవరిచ్చారు? ఇంగ్లీషులో ఒక్కో గడిలో ఒక్కో లెటర్, ఎలా కలిపినా చెల్లుతుంది. మనకి గడిలో కూర్చునేది గుణింతంతో, వత్తుతో సహా మొత్తం అక్షరం. అక్షరాలు చోటు మారతాయి తప్ప బట్టలు మార్చుకోవు. వెన్నెల చివర అక్షరం తీసేస్తే వెన్న రాదు, ‘వెన్నె’ వస్తుంది. ఇది ఒంటబడితే సగం తప్పుడు ఊహలు మొదట్లోనే రాలిపోతాయి.

పొల్లు అక్షరాల దగ్గర మాత్రం కూర్పరికో పద్ధతి. వరంగల్ కొందరికి మూడు గళ్ళు, కొందరికి నాలుగు. కిందటి వారం జవాబులు ఒకసారి చూస్తే ఆయన ఎటువైపో తెలిసిపోతుంది. నాకు మూడే ఇష్టం, అయినా నన్నెవరడిగారు!

ఇక అడ్డం 9. ‘రూపా ముగ్గులో దాగిన పురుగు (2)’. ఇది వదిలేశావంటే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే జవాబు నీ కళ్ళ ముందే అచ్చయి ఉంది. ‘దాగిన’ అని చెప్పాడు కదా, దాగింది ఎక్కడో వెతకాలి. రూ, పా, ము, గ్గు, లో. మధ్యలో చూడు: పాము! నువ్వు పురుగంటే చీమో బొద్దింకో అనుకుని ఉంటావు, పట్నం పిల్లవి. మన ఊళ్ళో చీకటి పడ్డాక పాము మాట ఎత్తేవాళ్ళు కాదు. ‘పురుగు ముట్టుకుంది’ అంటే పాము కరిచిందని. మీ తాతమ్మ అయితే పట్టపగలు కూడా పురుగనే అనేది. రెండు మాటల సందులో దాక్కున్న వాటిని పట్టాలంటే మాటల మధ్య ఖాళీ లేనట్టు, రైల్వే స్టేషన్ బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కున్నట్టు చదవాలి. ఏ గడి మొదలెట్టినా ముందు ఇలాంటివే ఏరుకో. వీటికి పాండిత్యం అక్కర్లేదు.

నిలువు 11కి మాత్రం కొంచెం బడి చదువు కావాలి. ‘నఖం గృహాన చేరితే ఆషాఢంలో పండుతుంది (3)’. నఖం అంటే గోరు. గృహాన అంటే ఇంట. రెండూ పక్కపక్కన పెడితే ‘గోరు ఇంట’, అక్షరాలు నాలుగవుతున్నాయి. కానీ గడి మూడే అంటోంది. అప్పుడే ఉత్వ సంధి గుర్తు రావాలి. ఉకారం జారిపోయి గోరింట అయింది. ఆషాఢంలో మీ పెద్దమ్మ రోట్లో నూరి అందరి చేతులకీ పెట్టేది ఇదే కదా. అక్షరాల లెక్క ఒకటి ఎక్కువై, మాటలు మాత్రం సరైనవని మనసు చెప్తుంటే సంధి కలిపి చూడు. ఇంగ్లీషు గడి ఆడేవాళ్ళకి లేని సుఖం ఇది.

‘పందిరి చివర కూలగానే జంతువు దూరింది (2)’ నీకే వదిలేస్తున్నాను. చివర కూలిందని చెప్తూనే ఉన్నాడు కదా.

అన్నట్టు, ‘చెరువులో అందం, ఒంటి మీద రోగం (3)’కి తామర రాశావు చూడు, దానికి శభాష్. అందులో గారడీ ఏమీ లేదు, ఒకే మాటకి రెండు అర్థాలు, అంతే. అలాంటివే నన్ను ఎక్కువ ఏడిపిస్తాయి.

గారడీ జరుగుతోందని చెప్పే మాటలకి చెవి అలవాటు పడాలి. చెదిరిన, తడబడిన, కలగాపులగం, పిచ్చెక్కిన అంటే అక్షరాలు కలిపెయ్యమని. ‘మనసు చెదిరిన అమ్మాయి (3)’ అంటే పాపం ఆ పిల్లకేదో కష్టమొచ్చిందని కాదు, మ, న, సు చెదిరి సుమన అయిందని. కడుపులో, నడుమ, లోన అంటే ఒకదాంట్లో ఒకటి. తల లేని, తోక తెగిన అంటే మొదటిదో చివరిదో తీసెయ్యమని. దొరలు, తెల్లవారు అంటే ఇంగ్లీషు మాట వాడాడని అనుమానించు. ఒకటీ అరా అయితే బానే ఉంటుంది గానీ, గడి నిండా అవే పెట్టే కూర్పరులంటే నాకు గిట్టదు.

నిఘంటువు చూడొచ్చా అని అడిగావు. చూడు. శబ్దరత్నాకరం 1885లో అచ్చయింది, ఇప్పుడు నీ ఫోన్‌లోనే దొరుకుతుంది. కాకపోతే ముందు జవాబు ఊహించి, తర్వాత సరిచూసుకోడానికి చూడు. చిన్న మాటల్ని మాత్రం విడిగా పోగేసుకో, కూర్పరులకి అవి ప్రాణం. ఒక్క ‘హరి’ సంగతే తీసుకో. అమరకోశం దానికి యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలక, పాము, కోతి, కప్ప అని పదమూడు అర్థాలు చెప్పింది. ఆధారంలో కప్ప కనిపించిందంటే నేను విష్ణువు వైపు కూడా ఒక చూపు చూస్తాను.

ఎంతకీ రానిది ఉంటే వదిలేసి పడుకో. నాకు రాత్రంతా రాని జవాబులు పొద్దున పళ్ళు తోముకుంటుంటే వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఆ పక్క ఆధారం ద్వారా ఒక్క అక్షరం పడినా దారి తెరుచుకుంటుంది. ఖాళీ గడి గురించి టెన్షన్ పడకు.

కూర్పరి మనల్ని మోసం చేస్తున్నాడని రాశావు. దారి తప్పిస్తాడు, నిజమే. అబద్ధం ఆడకూడదు. మనకి ఈ ఆట శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అని, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అని పేర్లు పెట్టి ఆడించకముందే ఇంగ్లండులో దీనిమీద పెద్ద వాదనలే జరిగాయి. ఆఫ్రిట్ అనే కలం పేరుతో గళ్ళు కూర్చిన హెడ్మాస్టరు ఒకాయన 1949లో తేల్చి చెప్పాడు. మాటలకి పైకి కనిపించేదే కూర్పరి ఉద్దేశం కానక్కర్లేదు, కానీ ఆయన ఉద్దేశం ఆ మాటల్లో ఉండి తీరాలి అని. అందుకే నీకు వివరణ అడిగే హక్కుంది. నిన్ను నేను అడిగేదీ అదే. ఇకమీదట ప్రతి ఆధారం పక్కన ఒక గీత గీసి, అర్థం ఏ కొసన ఉందో, మిగతా మాటలు ఏం పని చేస్తున్నాయో రాసి పంపు. ఒక్క మాటకి పని దొరక్కపోయినా జవాబు పక్కన ప్రశ్నార్థకం పెట్టు. ఆ ప్రశ్నార్థకాలున్నవే నేను ముందు చూస్తాను.

నాన్నని అడిగానని చెప్పు. వచ్చేటప్పుడు ఆదివారం అనుబంధాలు పారెయ్యకుండా పట్టుకురా.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: ఇది నేను కూర్చిందే, ఎర్రసిరా పడదని ధైర్యం. ‘తల లేని పుత్తడికి ముద్దెక్కువ (2)’. వివరణ లేకుండా జవాబు పంపితే తిరుగుటపాలో పంపేస్తాను.