బంగారు జుట్టు మోజు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పాత ఇటలీ చిత్రాల్లో ఆడవాళ్లకు ఎక్కువగా బంగారు జుట్టే. అందరికీ పుట్టుకతో వచ్చిందేనాండీ?

జవాబు: కాదండీ. కొంత చిత్రకారుల చలవ, కొంత ఎండ చలవ. 16వ శతాబ్దపు వెనిస్‌లో ఇళ్ల కప్పుల మీద 'ఆల్తానా' అనే చెక్క మంచెలుండేవి. ఆడవాళ్లు ఎండవేళ అక్కడ కూర్చుని, నడినెత్తిన గుడ్డ లేకుండా అంచు మాత్రమే ఉన్న 'సొలానా' టోపీ పెట్టుకునేవాళ్లు. జుట్టును ఆ కంతలోంచి పైకి లాగి అంచు మీద పరిచి, పుల్లకు కట్టిన స్పాంజితో మందునీళ్లు అద్ది ఆరబెట్టేవాళ్లు. జుట్టుకు ఎండ, మొహానికి నీడ. తెల్లటి మొహం కమిలితే ఎలా మరి!

ప్రశ్న: నా నల్ల జుట్టుకు బ్లీచ్ చేయిస్తే నారింజ రంగు తేలింది. ఎందుకు?

జవాబు: సగంలో ఆగింది. నల్లరంగు ఎరుపు, నారింజ, పసుపు మెట్ల మీదుగా దిగుతుంది. అరటితొక్క లోపలివైపు ఉండే లేత పసుపు వచ్చాకే ఊదా టోనర్, అంటే మిగిలిన పసుపు ఛాయను అణిచే రంగు, వేయాలి. నారింజ మీద అది పనిచేయదు, నీలం టోనర్ కావాలి. 20 వాల్యూమ్, అంటే బ్లీచ్‌లో కలిపే 6 శాతం పెరాక్సైడ్‌తో, వారాల ఎడంతో రెండు మూడు విడతల్లో చేయించుకోండి. మాడు దగ్గరి అంగుళం మేర అన్నిటికన్నా ఆఖర్న పూయాలి, తలవేడికి అక్కడ త్వరగా తేలుతుంది. గతంలో ప్యాకెట్ నల్ల గోరింటాకు పెట్టారా? అందులో లోహ లవణాలుంటే పెరాక్సైడ్ తగలగానే వెంట్రుక వేడెక్కి తెగుతుంది. ముందు చిన్న పాయ కత్తిరించి దానిమీద చూడండి.