రాసింది వేయరేమోనన్న భయంతో చానల్ పెట్టించకండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. జాతీయ పత్రికలో విలేకరి కావాలంటోంది. ఏది వార్తో, ఏది కాదో యాజమాన్యాలే నిర్ణయిస్తాయని, కష్టపడి రాసినా వేయరని అందరూ అంటున్నారు. అంతకన్నా సొంతంగా వీడియో చానల్ పెట్టుకోవడం మేలని మావారి అభిప్రాయం. రెండింటిలో ఏది మంచిది?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇదే ప్రశ్న నాకు తరచూ వస్తుంది. మీరు పోలిక అడిగారు కానీ, మీ భయం వేరు. బిడ్డ నిజాయతీగా పనిచేస్తే ఎవరూ పట్టించుకోరేమోనని మీ బెంగ. ముందు దాని సంగతి చూద్దాం. జర్నలిజం కోర్సుల ప్రవేశ పరీక్షల వివరాలు ఆమె ఈపాటికే వెతుక్కుని ఉంటుంది.

యాజమాన్యం ప్రభావం ఉండదని నేను చెప్పను. రాజకీయ మొగ్గు ఉంటుంది, పెద్ద ప్రకటనదారుల విషయంలో మొహమాటమూ ఉంటుంది. అయితే రోజూ పత్రికలోకి వచ్చే ప్రతి వార్తనూ యజమాని చూడడు. ఉదయం సమావేశంలో రాజకీయం, వ్యాపారం, విదేశీ వ్యవహారాలు, క్రీడల బాధ్యులు తమ జాబితాలు చదువుతారు. ఒకరి వార్తను మరొకరు ప్రశ్నిస్తారు: ఇందులో కొత్తేముంది? నిన్నటిదే కదా? ఎవరు చెప్పారు? సాయంత్రం మళ్లీ కూర్చుని మొదటి పేజీ తేలుస్తారు. ఈలోగా ప్రకటనలు తమ చోటు ముందే తీసేసుకుంటాయి. మిగిలిన జాగాలోనే వార్తలు సర్దాలి. ఆఖరి నిమిషంలో పెద్ద ప్రకటన వస్తే మంచి కథనం మర్నాటికి పోతుంది. రాత్రి ఎక్కడో భూకంపం వస్తే, మధ్యాహ్నం నుంచి పతాక శీర్షిక అనుకున్నది లోపలి పేజీకి జారుతుంది.

డేవిడ్ మానింగ్ వైట్ అనే అమెరికా పరిశోధకుడు ఒక పత్రికలో బయటి వార్తా సంస్థలు పంపే వార్తలను ఎంచే ఎడిటర్ చేత, వారం పాటు తీసేసిన ప్రతి వార్త మీదా కారణం రాయించాడు. 1950లో ఆ అధ్యయనం అచ్చయింది. వచ్చినవాటిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు బుట్టదాఖలే. చోటు లేదని ఆ ఎడిటర్ చాలాసార్లు రాశాడు. ఆత్మహత్యల వార్తలంటే తనకు ఇష్టం ఉండదనీ రాశాడు! మీ అమ్మాయికి ఎదురయ్యేవి ఎక్కువగా ఇలాంటి తిరస్కారాలే: చోటు కరవు, ఒక మనిషి అభిరుచి, అలవాటు. వాటితో వాదించవచ్చు. పెద్దల కుట్ర అనుకుంటే మాత్రం వాదించడమే మానేస్తుంది.

అలవాటు సంగతి తేలిగ్గా తీసుకోకండి. నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్, మారీ రూగె 1965లో తమ దేశ పత్రికల్లోని విదేశీ వార్తలను పరిశీలించి, ఎలాంటివి వార్తలవుతాయో వివరించారు. హఠాత్తుగా జరిగేది, పెద్ద దేశాలకూ పెద్ద మనుషులకూ చెందినది, చెడు కబురు సులువుగా లోపలికి వస్తాయి. ఏళ్ల తరబడి మెల్లగా ఇంకిపోయే భూగర్భ జలాలు మాత్రం బయటే ఉండిపోతాయి. యాజమాన్యం ఒత్తిడి కన్నా ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఎవరినీ ఆపరు, అయినా వార్త ఆగిపోతుంది.

ఇక మీవారి చానల్. సొంత చానల్‌లో స్వేచ్ఛ ఉంటుందని అందరూ చెబుతారు. నాకు అనుమానం. యజమాని ఉండడు, నిజమే. గంటగంటకూ చూసినవారి లెక్క ఉంటుంది. అది వద్దన్న విషయాన్ని రెండోసారి చేసే ధైర్యం అద్దె కట్టాల్సిన మనిషికి ఎన్నాళ్లుంటుంది? బ్రిటన్ పరిశోధకులు టోనీ హార్కప్, డీర్‌డ్రీ ఓనీల్ 2017లో ఏది వార్తవుతుందో చెప్పే ఇలాంటి జాబితాను సవరించినప్పుడు, జనం ఒకరికొకరు పంపుకునే గుణం కూడా అందులో చేరింది. అంటే పత్రికలకూ ఈ జబ్బు అంటింది. కానీ అక్కడ ‘ఆగు, రెండో మనిషి చేత ధ్రువీకరించుకో’ అనేవారు పక్కనే ఉంటారు. ఇరవై ఏళ్ల పిల్ల ఒంటరిగా చానల్ నడిపితే ఆ మాట ఎవరంటారు? పొరపాటున ఒకరి పరువు తీస్తే, కోర్టుకు వెళ్లాల్సింది కూడా ఆమే. విలేకరిగా కొన్నేళ్లు పనిచేసి ఆ తర్వాత చానల్ పెడితే నాకు అభ్యంతరం లేదు.

కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ‘అందరూ అంటున్నారు’ అని రాశారు. వారిలో న్యూస్‌రూమ్‌లో పనిచేసినవారు ఒక్కరైనా ఉన్నారా? మీవారి అభిప్రాయం రాశారు. అమ్మాయికి ఈ పని ఎందుకు కావాలో ఒక్క వాక్యం కూడా రాయలేదు. అడిగారా?

కొత్తవారి మాటకు విలువుండదన్నదీ పూర్తి నిజం కాదు. 1972 జూన్‌లో అమెరికా రాజధానిలోని వాటర్‌గేట్ భవనంలో, ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో దొంగలు పడ్డప్పుడు ఆ కథనాన్ని పట్టుకున్న బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ ఇద్దరూ వాషింగ్టన్ పోస్ట్‌లో నగర వార్తలు రాసేవారే. వుడ్‌వర్డ్ అక్కడ చేరి ఏడాది కూడా కాలేదు. మొదట అది మామూలు దొంగతనం వార్త. రెండేళ్ల తర్వాత ఆ వ్యవహారం వల్లే అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. అందరికీ అలా జరగదు, తెలుసు. మొదట్లో జీతం తక్కువ, రాత్రి డ్యూటీలు ఎక్కువ, ముద్రిత పత్రికల్లో ఉద్యోగాలు తగ్గుతున్నాయి. ఇవి దాచను. అయితే బడ్జెట్ పత్రాలో కోర్టు తీర్పో తనంతట తాను చదివి అర్థం చేసుకోగల విలేకరి మాటను డెస్క్, అంటే వార్తలను ఎంచి దిద్దే విభాగం, అంత తేలిగ్గా తోసెయ్యదు. ఆ నైపుణ్యం పత్రిక వదిలినా పనికొస్తుంది.

ఈ నెల రోజులూ ఆమెను రోజూ రెండు జాతీయ పత్రికల మొదటి పేజీలు పక్కపక్కన పెట్టి చూడమనండి. ఒకరు వేసి మరొకరు వదిలేసింది ఏమిటో, ఎందుకో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత తనకు తోచిన వార్త గురించి మూడు ముక్కల్లో రాయాలి: కొత్తదేమిటి, ఎవరికి సంబంధించింది, ఈ రోజే ఎందుకు. ఆ పుస్తకంతోనే ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయమనండి, వీలైతే డెస్క్‌లో. తీసేసిన వార్తలన్నీ ఆమె కళ్ల ముందే పోతాయి. అది ముగిశాక ఏ దారో ఆమెనే అడగండి.