తప్పు పట్టే పని మెషీన్‌కే అప్పగించండి

ఆరు నెలలుగా వీడియోల్లో పైథాన్ నేర్చుకుంటున్నాను. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, సొంతంగా రాయాలంటే చెయ్యి కదలదు. ల్యాప్‌టాప్ లేదు, ఆండ్రాయిడ్ ఫోనే ఉంది. – ఒక డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

ఫోన్ చాలు. ప్లే స్టోర్ నుంచి పైథాన్ రాసి నడిపే యాప్ పైడ్రాయిడ్ 3 వేసుకోండి, నెట్ లేకపోయినా ప్రోగ్రామ్ నడుస్తుంది. వీలైతే ఓటీజీ అడాప్టర్‌తో మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించండి. టచ్ కీబోర్డులో కొటేషన్ గుర్తులు, బ్రాకెట్లు వెతుక్కోవడంతోనే సగం ఓపిక పోతుంది.

పది నిమిషాల పాఠం చూశాక వీడియో మూసేయండి. కొత్త ఫైలు తెరిచి అదే ప్రోగ్రామ్ చూడకుండా రాయండి. రన్ నొక్కే ముందు ఏం రావాలో కాగితం మీద వేసుకోండి. ఉదాహరణకు ఇన్‌పుట్‌తో రెండు అంకెలు తీసుకుని కూడే ప్రోగ్రామ్ రాశారు. 5, 6 ఇచ్చారు. కాగితం మీద 11 ఉంది, తెర మీద 56 వచ్చింది. ఇన్‌పుట్ ఏది తీసుకున్నా అక్షరాలుగానే తీసుకుంటుంది, ప్లస్ గుర్తు వాటిని పక్కపక్కన అతికించింది. రెండింటినీ అంకెలుగా మార్చే int()లో పెడితే 11 వస్తుంది. ఇక్కడ ఎర్రర్ ఏదీ రాలేదు చూడండి. కాగితం లేకపోతే ఈ తప్పు మీ కంట పడేదే కాదు.

ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రం కింది నుంచి పైకి చదవండి. చిట్టచివరి లైన్ ఏం జరిగిందో చెబుతుంది, దాని పైన ఏ లైన్లో జరిగిందో ఉంటుంది. చాట్‌బాట్‌ను అడగాలనుకుంటే ఆ చివరి లైన్‌కు అర్థం అడగండి. ప్రోగ్రామ్ రాసిపెట్టమని అడగొద్దు, రాయడమే కదా మీరు నేర్చుకుంటున్నది.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైప్ చేస్తాను. అది మెయిల్లో పంపితే అవతలివాళ్లకు పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. యూనికోడ్ టైపింగ్ ఇంట్లోనే నేర్చుకోవచ్చా? – ఒక ఆపరేటర్, తెనాలి

తప్పకుండా. అను పాత ఫాంట్ల పద్ధతి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలని తెలియదు. యూనికోడ్‌లో కొడితే ఏ కంప్యూటర్‌కైనా అవి తెలుగు అక్షరాలని తెలుస్తుంది. దానికోసం ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కు వెళ్లి తెలుగును చేర్చండి. ఇంగ్లిష్‌కూ తెలుగుకూ మారడానికి విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కాలి. విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. దాన్ని కింద పరచుకుని దాన్నే చూడండి. కీల మీద స్టిక్కర్లు అంటించొద్దు, చూపు వేళ్ల మీదికి దిగిందంటే మళ్లీ పైకి రాదు.

అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. గుణింతం కీని షిఫ్ట్‌తో నొక్కితే అచ్చు, క, గ, త, ప లాంటి కీలను షిఫ్ట్‌తో నొక్కితే ఖ, ఘ, థ, ఫ వస్తాయి. డి కీ పొల్లు, షిఫ్ట్‌తో అదే అ. వత్తు కావాలంటే హల్లు, డి, హల్లు. ‘అమ్మ’ అనాలంటే షిఫ్ట్ డి, సి, డి, సి. ‘స్త్రీ’కి ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. నోటితో పలికే వరసే వేళ్ల వరస.

మొదటి నాలుగు రోజులు మధ్య వరస దాటొద్దు. ఎడమ చేతికి ో, ే, ్, ి, ు, కుడి చేతికి ప, ర, క, త, చ. ఈ పదింటితోనే బోలెడు మాటలున్నాయి: తప్పు, చుక్క, కత్తి, పత్తి, చిరుత, కోరిక, చేప, పేరు, రేపు. పూటకు 20 నిమిషాలు, రోజుకు రెండు పూటలు. ఆ తర్వాత పై వరస, చివర కింది వరస.

వారానికోసారి పత్రికలో ఒక పేరా తీసుకుని ఐదు నిమిషాలు నోట్‌ప్యాడ్‌లో కొట్టండి, మధ్యలో దిద్దకండి. వంద మాటలకు ఐదు కంటే ఎక్కువ తప్పులుంటే వేగం తగ్గించండి. తప్పుగా అలవాటైన వేలిని తిప్పుకోవడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. అను లేఅవుట్‌కు అలవాటుపడ్డ మీకు మొదటి రెండు వారాలు వేళ్లు పాత దారి పడతాయి. ఆ పదిహేను రోజులు సెంటర్ పని ఉదయం, సాధన రాత్రి పెట్టుకుంటే రెండూ కలగాపులగం కావు.

దిద్దేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బ్యాక్‌స్పేస్ ఒక్క గుర్తునే చెరుపుతుంది. ‘తప్పి’ని ‘తప్పు’ చేయాలంటే ఒక్కసారి నొక్కి గుడి తీసి కొమ్ము పెడితే సరి, మాటంతా కొట్టేయక్కర్లేదు.

జర్మన్ మాటలు గుర్తుంచుకోవడానికి యాంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడుతున్నాను. రోజూ చేయాల్సిన కార్డులు కొండలా పెరిగిపోతున్నాయి. – ఒక నర్సు, కొట్టాయం

రోజుకు కొత్త కార్డులు 20 అని ముందే పెట్టి ఉంటుంది. అలాగే సాగితే పాతవాటి వల్లె వేయడం సుమారు 200 దాకా చేరుతుంది. డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో కొత్త కార్డుల సంఖ్యను 7కు దించండి, బకాయి తీరేదాకా 0 చేసినా నష్టం లేదు. ఇంకో సంగతి, గుర్తురాని కార్డుకు మొహమాటపడి ‘హార్డ్’ నొక్కుతున్నారేమో చూసుకోండి. హార్డ్ అంటే కష్టపడి అయినా గుర్తొచ్చిందని లెక్క, కార్డు మరింత దూరం జరుగుతుంది. గుర్తురాకపోతే ‘ఎగైన్’ మాత్రమే నొక్కాలి.