సా-వెట్ గుడ్లగూబల బ్యాండింగుకు వెళ్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

ఈ అక్టోబరు నుంచి పెన్సిల్వేనియాలో సా-వెట్ అనే చిన్న గుడ్లగూబల కాళ్లకు బ్యాండ్లు, అంటే నంబరున్న చిన్న లోహపు కడియాలు, వేసే కేంద్రంలో వాలంటీరుగా చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ వెంటనే మీ అమ్మ ఫోను అందుకుని, ఆడపిల్ల అర్ధరాత్రి అడవిలో గుడ్లగూబలను పట్టడమేమిటి, అవి ఇంటికి అరిష్టం కాదా అని అడిగింది. లక్ష్మీదేవి వాహనం అరిష్టమెలా అవుతుందని నేను ఎదురు ప్రశ్న వేశాను. ఆమెకు ఆ జవాబు నచ్చినట్లు లేదు గాని, నిన్ను ఆపనని మాత్రం ఒప్పుకుంది. ఇటు మేరీలాండులో ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాణ్ణి కనుక, వెళ్లే ముందు నీకు తెలిసి ఉండవలసినవి కొన్ని రాస్తున్నాను.

ఈ పనిలో నైపుణ్యమంతా పిట్ట మన చేతిలో ఉండే కాలాన్ని తగ్గించడంలోనే ఉంది. వల తగిలిన క్షణం నుంచి తిరిగి చీకట్లోకి ఎగిరిపోయే దాకా ఆ ప్రాణికి జరిగేదంతా కష్టమే, మనం ఎంత మృదువుగా పట్టుకున్నా సరే. ఆ కష్టానికి బదులుగా మనకు దక్కేది నాలుగైదు కొలతలు, ఒక నంబరు. అవి తప్పుగా రాసుకుంటే పిట్టను ఊరికే బాధపెట్టినవాళ్లమవుతాం.

అమెరికాలో వలస పక్షులను పట్టడానికి 1918 నాటి చట్టం ప్రకారం అనుమతి ఉండాలి. బ్యాండింగుకు ఆ అనుమతిని, బ్యాండ్లను ఇచ్చేది మేరీలాండులోని పటుక్సెంట్‌లో ఉన్న బర్డ్ బ్యాండింగ్ లేబొరేటరీ. మీ కేంద్రం పెద్దకు ఆ అనుమతి ఉంటుంది. నువ్వు ఆయన లేదా ఆమె కనుసన్నల్లో పనిచేస్తావు. అందువల్ల మొదటి సీజనులో నీకు గుడ్లగూబ కంటే పెన్సిలే ఎక్కువగా చేతికొస్తుంది. దాన్ని చిన్నతనంగా తీసుకోవద్దు. బ్యాండు మీద నాలుగంకెలు, ఆ తరువాత ఐదంకెలు ఉంటాయి. బ్యాండు వేసేవారు చదివిన నంబరును నువ్వు రాసుకుని తిరిగి పైకి చదవాలి, వారు మళ్లీ బ్యాండును చూసి సరేననాలి. ఒక్క అంకె తారుమారైతే, రేపు ఒంటారియోలోనో వర్జీనియాలోనో ఆ పిట్ట మరో వలలో పడినప్పుడు దాని చరిత్ర ఇంకో పిట్ట ఖాతాలో చేరిపోతుంది. వేరే కేంద్రంలో బ్యాండు వేసిన పిట్ట దొరికిన రాత్రి కేంద్రంలో పండుగలా ఉంటుంది, నిజమే. ఆ హడావుడిలోనే నంబర్లు తప్పు పోతుంటాయి కూడా.

ఈ పక్షి ఒకప్పుడు చాలా చోట్ల అరుదైనదని అనుకునేవారు. పగలు దట్టమైన కొమ్మల్లో కదలకుండా కూర్చుంటుంది, వలస కాలంలో పెద్దగా అరవదు, ఇక కంటపడేదెలా? 1990లలో డేవిడ్ బ్రింకర్ అనే పక్షి పరిశోధకుడు ప్రాజెక్ట్ ఔల్‌నెట్ పేరిట కేంద్రాలను ఒక్క తాటి మీదికి తెచ్చి, అందరూ ఒకే పద్ధతిలో పట్టడం మొదలుపెట్టాక, శరదృతువులో ఎన్ని సా-వెట్లు మన నెత్తి మీదుగా దక్షిణానికి వెళ్తున్నాయో బయటపడింది. ఆ ఒకే పద్ధతి అన్నది ముఖ్యం. మీ కేంద్రంలో వల ఎప్పుడు విప్పాలి, పిట్టలను పిలిచే కూత రికార్డింగు ఎంత బిగ్గరగా పెట్టాలి అన్న నియమాలు నీకు చాదస్తంగా తోచవచ్చు. కాని వాటిని ఒక రాత్రి మార్చితే ఆ రాత్రి లెక్కను మిగతా రాత్రులతో పోల్చలేము.

వలల విషయానికొస్తే, ఒక్కొక్కటి 12 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల పైచిలుకు ఎత్తు, సుమారు 60 మిల్లీమీటర్ల కన్ను ఉంటుంది. సూర్యాస్తమయమైన అరగంటకు విప్పి, మధ్యలో స్పీకరు పెట్టి మగపక్షి కూతను ఎడతెగకుండా వినిపిస్తారు. సెకనుకు రెండేసి చొప్పున ఒకే స్వరం గంటల తరబడి నడుస్తుంది, నాలుగో రోజుకు అది నీకు నిద్రలో కూడా వినిపిస్తుంది. వలలను అరగంటకో, ముప్పావు గంటకో, ఎంత ఆలస్యమైనా గంటకో ఒకసారి చూసి రావలసిందే. చలిగా ఉందని, టీ వేడిగా ఉందని ఒక్క చుట్టు కూడా వాయిదా వేయరాదు. వాన మొదలైతే వెంటనే వలలు మూయాలి, తడిసిన ఈకలతో చిన్నపిట్ట త్వరగా చల్లబడుతుంది. దగ్గరలో బార్డ్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ కూత వినబడినా, అది వలల వైపు తిరుగుతున్నట్లు కనబడినా పెద్దవారికి చెప్పి మూయించు, ఎందుకంటే మనం పిలిచిన చిన్న గుడ్లగూబను ఆ పెద్దది వలలోనే తినేయగలదు.

దుస్తుల గురించి ఒక మాట. చున్నీ, గాజులు, ఉంగరాలు, వేలాడే జిప్పులు, పెద్ద గుండీలు ఏవీ పనికిరావు. పిట్ట కంటే ముందు అవే వలలో చిక్కుకుంటాయి. నుదుటికి కట్టుకునే లైటుకు ఎర్ర వెలుగు ఉండాలి. టెటనస్ ఇంజెక్షను గడువు దాటలేదని చూసుకో, గోళ్లు గుచ్చుకోవడం ఖాయం.

వల నుంచి పిట్టను తీయడం నీకు నేర్పే రోజు వచ్చినప్పుడు, ముందు చేయి పెట్టకుండా చూడు. అది వలకు ఏ వైపు నుంచి వచ్చి పడిందో తెలియనిదే వేలు కదపవద్దు, ఎందుకంటే వచ్చిన దారినే దాన్ని వెనక్కి తీయాలి. అడ్డతాళ్ల మధ్య వల సంచిలా జారి ఉంటుంది, పిట్ట అందులో వెల్లకిలా పడి గోళ్లతో దారాలను పిడికిలి పట్టి ఉంటుంది. మొదట రెండు కాళ్లనూ తొడల దగ్గర పట్టుకుని, కాలును మెల్లగా చాపు. కాలు ముడిచినప్పుడు బిగుసుకునే పట్టు, చాపినప్పుడు సడలుతుంది. దీనితో పోరాడి వేళ్లను లాగబోతే ఇంకా బిగిస్తుంది. కాళ్లు విడిపించాక పొట్ట, తరువాత ఒక రెక్క, రెండో రెక్క, చివరికి తల. దారం రెక్క మడత కింద ఎక్కడ దూరిందో కనబడకపోతే, ఈక మీద నోటితో మెల్లగా ఊదితే చర్మం దగ్గరి దారం బయటపడుతుంది. రెండు నిమిషాల్లో పని ముందుకు సాగకపోతే అనుభవజ్ఞులను పిలువు, వారు అవసరమైతే కత్తెరతో దారం తెగ్గొడతారు. వలను తరువాత కుట్టుకోవచ్చు.

చేతిలో అది ముక్కు టకటకలాడిస్తూ, పసుపు కళ్లతో నిన్నే చూస్తూ కదలకుండా ఉంటుంది. ఆ నిశ్చలత్వాన్ని చూసి మనకు మచ్చికైందని మురిసిపోయేవారు చాలామంది ఉంటారు. అది భయం. తల నిమరవద్దు, బుగ్గకు ఆనించి ఫోటో దిగవద్దు, ఎవరైనా దిగబోతే మర్యాదగా వారించు.

బ్యాండు అంచులు రెండూ వెంట్రుకవాసి సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కలవాలి. ఆపైన అది కాలి మీద తిరగాలి, పైకీ కిందికీ జారాలి. గోటితో ఆ అతుకును తడిమి చూడడం అలవాటు చేసుకో. తూకానికి పిట్టను తలకిందులుగా చిన్న జ్యూసు డబ్బాలోకి జారవిడుస్తారు. చీకటిగా, బిగువుగా ఉండడంతో అది అందులో ప్రశాంతంగా ఉండిపోతుంది, తోక ఒక్కటే పైకి కనబడుతుంది. డబ్బా బరువు తీసివేస్తే సాధారణంగా 75 నుంచి 100 గ్రాముల లోపు తేలుతుంది. ఆడవి బరువుగా, మగవి తేలికగా ఉంటాయి గనుక రెక్క పొడవు, బరువు కలిపి లింగం నిర్ణయిస్తారు. రెండిటి నడుమ పడే పిట్టలు ప్రతి రాత్రీ వస్తాయి. వాటిని చూసి ఊహించి రాయవద్దు. తెలియదు అని రాసిన గడిని ఏ పరిశోధకుడూ తప్పుపట్టడు.

వయసు తేల్చే పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టమైన భాగం. రెక్కను విప్పి అడుగు వైపున అతినీల లోహిత దీపం వేస్తే, ఈకల్లోని పోర్ఫిరిన్ అనే వర్ణకం గులాబీ రంగులో వెలుగుతుంది. వెలుతురు సోకే కొద్దీ అది క్షీణిస్తుంది కనుక కొత్త ఈక గాఢంగా, పాత ఈక వెలిసి కనిపిస్తుంది. ఆ ఏడే పుట్టిన పిట్టకు రెక్కంతా గూటిలో ఒకేసారి మొలిచింది కాబట్టి మొదటి ఈక నుంచి చివరి ఈక దాకా ఒకే గులాబీ. మరుసటి సంవత్సరం రెక్క చివరి ఈకలు, ఒంటి దగ్గరి ఈకలు మారి నడుమవి పాతవే మిగులుతాయి, అందుచేత రెండు అంచుల్లో వెలుగు, మధ్యలో వెలవెల. ఇంకా పెద్ద పిట్టల్లో రెండు మూడు తరాల ఈకలు క్రమం తప్పి కలిసిపోతాయి. దీపాన్ని పిట్ట కళ్లకు సోకనివ్వకు, నువ్వూ నేరుగా చూడకు.

నీ గణాంకాల చదువుకు పని చెప్పే సంగతి ఇంకొకటుంది. కేంద్రాల్లో చిక్కేవాటిలో ఆడవే చాలా ఎక్కువ. మనం వినిపించేది మగపక్షి కూత కావడం ఒక కారణమని, మగవాటిలో చాలా భాగం గూటి ప్రాంతాలను వదలక ఉత్తరానే ఉండిపోవడం ఇంకో కారణమని అంటారు. ఏదేమైనా, వలలో పడినవాటి నిష్పత్తే అడవిలోని నిష్పత్తి అని తీర్మానించకు. అలాగే దాదాపు నాలుగేళ్లకోసారి, ఉత్తరాన ఎలుకజాతి జంతువులు పెరిగి గుడ్లగూబ పిల్లలు ఎక్కువగా బతికిన ఏడు, వలలు నిండిపోతాయి. ఆ మరుసటి ఏడు ఖాళీ వలలు చూసి జాతి తగ్గిపోతోందని ఎవరైనా గాబరాపడితే నువ్వు పడకు.

విడిచిపెట్టే ముందు దాన్ని పది పదిహేను నిమిషాలు చీకట్లో ఉంచి, దీపాలకు అలవాటుపడిన కళ్లు సర్దుకున్నాక, కేంద్రం లైట్లకు దూరంగా తీసుకెళ్లి కొమ్మ మీదనో ముంజేతి మీదనో కూర్చోబెట్టాలి. ఎగరడానికి తొందరపెట్టకూడదు. 2022 నుంచి బర్డ్ ఫ్లూ భయం ఉన్నందున పిట్ట పిట్టకూ మధ్య చేతులు, సంచులు శుభ్రం చేసే నియమాన్ని కచ్చితంగా పాటించు.

ఇక మీ నాన్న ఇంకో విషయం చెప్పాడు: సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మన తోటలోని పైడికంటెలకు, అదే మన ఊరి చిన్న గుడ్లగూబలకు, కూడా బ్యాండ్లు వేద్దామనుకుంటున్నావట. వద్దు. అక్కడ గుడ్లగూబలన్నిటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని అనుమతి లేనిదే వల వేయకూడదు. రింగులు (బ్యాండ్లను అక్కడ అలాగే అంటారు) వేసే పనిని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927 నుంచి నడుపుతోంది. నిజంగా ఆసక్తి ఉంటే ఇక్కడ రెండు మూడు సీజన్లు పూర్తిచేశాక వారికి ఉత్తరం రాయి. అంతవరకు మన తోటలో కొబ్బరిచెట్ల తొర్రల దగ్గర సాయంత్రం కూర్చుని, ఎన్ని కనిపించాయో, ఏ వేళకు బయటికొచ్చాయో ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైటులో నమోదు చెయ్యి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, మీ అమ్మ అనుమతి తప్ప.

ఇట్లు,
పెదనాన్న