అప్‌లోడ్ ఆగిపోతే 777 ఇవ్వవచ్చా?

వెబ్‌సైటులోకి బొమ్మలు అప్‌లోడ్ కావడం లేదని ఫోల్డరుకు 777 అనుమతి ఇచ్చి, అనామక ఎఫ్‌టీపీని (సొంత ఖాతా లేకుండానే ఎవరైనా సర్వరుతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే మార్గాన్ని) కూడా తెరవవచ్చా అని అడిగారు. రెండూ వద్దు. 777లోని మూడంకెలు వరుసగా యజమానికి, గుంపుకు, మిగతా అందరికీ వర్తిస్తాయి. చదవడానికి 4, రాయడానికి 2, అమలుకు 1 కలిపితే 7 అవుతుంది కాబట్టి, వేరే అడ్డు లేకపోతే సర్వరులోని ఏ ఖాతా అయినా మీ ఫోల్డరులో ఫైళ్లు పెట్టగలదు, చెరిపివేయగలదు. మామూలుగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 సరిపోతాయి. అప్పటికీ అప్‌లోడ్ కాకపోతే, ఆ ఫోల్డరు ఏ యూజరు పేరుతో ఉందో ముందు చూడండి. తప్పు తరచుగా అక్కడే దొరుకుతుంది. ఇక ఎఫ్‌టీపీ సంగతి: వెబ్ హోస్టింగును నిర్వహించే సీప్యానెల్‌లో అనామక సందర్శకులకు విడిగా ఒక పబ్లిక్ ఎఫ్‌టీపీ ఫోల్డరు ఉంటుంది. అందులోకి అప్‌లోడును అనుమతిస్తే మాత్రం, ఎవరెవరో తెచ్చి పడేసిన ఫైళ్లతో మీ డిస్కు కోటా (మీకు కేటాయించిన నిల్వ స్థలం) నిండిపోవచ్చు.